వత్తి తాగించే నీళ్లు: ఇంట్లోనే నారు పెంచే తట్ట

ఈ నెల గోడపత్రికలో సైన్స్ పేజీ నా వంతు వచ్చింది. నేను పుస్తకంలో చూసి రాయలేదు. మా ఇంట్లో చేసింది రాస్తున్నాను. ఇందులో రెండుసార్లు నష్టపోయాను, మూడోసారి బాగా వచ్చింది. నష్టపోయింది కూడా రాశాను, ఎందుకంటే మీరు అదే తప్పు చేయకూడదు.

మా ఇంట్లో జరిగిన సంగతి

మా ఊరు రోలుగుంట మండలంలోనే, కొండ వార. మేము కొండదొరలం. మా మండలం 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది గాని మా ఊట మారలేదు. ఊట దిగువన ఉంది, ఇల్లు ఎగువన ఉంది. ఏ నీళ్లు కావాలన్నా అమ్మ బిందెతో ఎక్కాలి.

మా మామ్మ దగ్గర ఒక ఆనప బుర్ర ఉంది. అందులో వంగ విత్తనాలు బూడిద కలిపి దాస్తుంది. ఆ వంకాయ చిన్నది, గుండ్రం, తొడిమ మీద ముళ్లు ఉంటాయి. సంతలో దొరకదు. మామ్మ పెళ్లయి వచ్చినప్పుడు వాళ్ల అమ్మ కొంగున కట్టి ఇచ్చిందట.

వంగ విత్తనం చిక్కుడు గింజలాగ నేరుగా చేనులో వేసేది కాదు. ముందు నారు పోయాలి. సుమారు నెల రోజులు చంటిపిల్లలాగ చూడాలి. పొద్దున, సాయంత్రం తడపాలి. పోయిన ఏడాది జూన్‌లో నేను హాస్టలుకి వచ్చేశాను. అమ్మ జీడితోటల్లో పనికి వెళ్తూ నారు తడిపేది. ఒకసారి అమ్మకి జ్వరం వచ్చి నాలుగు రోజులు లేవలేదు. మామ్మ ఊట దాకా దిగలేదు. నారంతా ఎండిపోయింది.

దసరా సెలవులకి వెళ్తే అమ్మ ముందు ఆ మాటే చెప్పింది, ఏదో తప్పు చేసినదానిలాగ. "నాలుగు రోజులే కదే, అంతా పోయింది" అంది. జ్వరం వచ్చిన మనిషిది తప్పు ఎలా అవుతుంది? కానీ బుర్రలో గింజలు తగ్గిపోయాయి. ఇంకొక ఏడాది ఇలాగే అయితే ఆ వంకాయ ఉండదు. మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండగకి విత్తనాలను పూజలో పెడతారు కదా. పూజ చేసిన విత్తనం నీళ్లు లేక పోకూడదు అనుకున్నాను.

దీపం చూస్తే వచ్చిన ఆలోచన

ఒక రోజు కరెంటు పోయి నూనె దీపం పెట్టారు. నూనె కింద ఉంది, మంట పైన ఉంది. నూనెను పైకి ఎవరు మోస్తున్నారు? వత్తి. మరి నూనెను మోసే వత్తి నీళ్లను మోయదా? మర్నాడు సైన్స్ టీచర్ని అడిగాను. "మోస్తుంది. దాని పేరు కేశనాళికీయత. నువ్వే చేసి చూడు" అన్నారు.

కేశం అంటే వెంట్రుక. నాళిక అంటే సన్నని గొట్టం. వెంట్రుకంత సన్నని గొట్టంలో నీళ్లు తమంతట తామే పైకి ఎక్కుతాయి. నూలు గుడ్డలో పోగుల మధ్య అలాంటి సన్నని సందులు వేలకొద్దీ ఉంటాయి.

ఎందుకు ఎక్కుతాయి? నీటి అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. వాటిని సంసంజన బలాలు అంటారు. నీటి అణువులు గొట్టం గోడనో, నూలు పోగునో కూడా పట్టుకుంటాయి. వాటిని అసంజన బలాలు అంటారు. గోడను పట్టుకున్న నీళ్లు కొంచెం పైకి పాకుతాయి, వాటి వెనక ఉన్న నీళ్లను కూడా లాగుతాయి. మనం కొండ ఎక్కేటప్పుడు ముందున్న అక్క చెట్టు కొమ్మ పట్టుకుని వెనక ఉన్న చెల్లిని లాగినట్టు. నీళ్ల బరువు ఎక్కువై ఇక లాగలేనప్పుడు అక్కడే ఆగిపోతాయి.

గొట్టం ఎంత సన్నగా ఉంటే నీళ్లు అంత ఎత్తు ఎక్కుతాయి. లోపలి వెడల్పు 1 మిల్లీమీటరు ఉన్న గాజు గొట్టంలో సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతాయి. 0.1 మిల్లీమీటరు ఉంటే సుమారు 30 సెంటీమీటర్లు. పది రెట్లు సన్నమైతే పది రెట్లు ఎత్తు. మట్టి రేణువుల మధ్య కూడా ఇలాంటి సందులే ఉంటాయి. అందుకే వత్తి తెచ్చిన నీళ్లను మట్టి అందుకుని నాలుగు వైపులా పంచుతుంది.

ఏ గుడ్డ మంచిది?

నాలుగు రకాల పీలికలు ఒకే వెడల్పుకి చింపి, గ్లాసు నీళ్లలో కొన ముంచి, అరగంట తర్వాత స్కేలుతో కొలిచాను.

మామ్మ పాత నూలు చీర, చాలాసార్లు ఉతికినది: 9 సెంటీమీటర్లు.
కొత్త నూలు గుడ్డ, ఉతకనిది: 1 సెంటీమీటరు.
నైలాన్ చీర ముక్క: 2 సెంటీమీటర్లు.
గోనెసంచి పురి: 4 సెంటీమీటర్లు.

కొత్త గుడ్డ గెలుస్తుంది అనుకున్నాను. ఓడిపోయింది. కొత్త గుడ్డకి గంజి పట్టించి ఉంటుంది. సందులన్నీ మూసుకుపోయి నీళ్లు ఎక్కవు. పాత చీర ఉతికి ఉతికి మెత్తబడి, గంజి పోయి ఉంటుంది. కాబట్టి ఈ పనికి పాతదే మంచిది. కొనవలసింది ఏమీ లేదు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

ముందు మెంతులతో చేశాను. మూడో రోజుకే మొలిచాయి. నాకు గర్వం వచ్చేసింది. వేసవి సెలవులకి ఇంటికి వెళ్లగానే మామ్మని వంగ విత్తనాలు అడిగాను. "ఏటే గుంటా, గుడ్డపీలిక నీళ్లు మోస్తాదా?" అని నవ్వింది. గింజలు ఇచ్చింది గాని సగమే ఇచ్చింది. అన్నీ ఇమ్మన్నాను. "బుర్ర ఖాళీ సేయకూడదు. అన్ని గింజలూ ఒక్కపాలే వేసినోళ్లు బతకనేరు" అంది. నాకు కోపం వచ్చింది.

వత్తులు నాలుగు వేళ్ల వెడల్పు పెట్టాను, నీళ్లు బాగా రావాలని. తట్టని నీళ్లకి 2 సెంటీమీటర్ల ఎత్తులోనే పెట్టాను. మట్టి ఎప్పుడూ బురదలాగ ఉండేది. మెంతులు తొందరగా మొలుస్తాయి కాబట్టి తప్పించుకున్నాయి. వంగ విత్తనానికి మొలవడానికే వారం పది రోజులు కావాలి. కొన్ని మట్టిలోనే కుళ్లిపోయాయి. మొలిచినవి కూడా మెడ దగ్గర నల్లబడి, దారంలాగ సన్నబడి, ఒక్కొక్కటే పడిపోయాయి. దీన్ని నారుకుళ్లు తెగులు అంటారు. పిథియం లాంటి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. తడి ఎక్కువై, గాలి ఆడకపోతే అది పెరుగుతుంది. వేరుకి నీళ్లు ఎంత అవసరమో గాలి కూడా అంత అవసరం. బురదలో గాలికి చోటు ఉండదు.

పోయిన ఏడాది నీళ్లు లేక పోయింది. ఈసారి నీళ్లు ఎక్కువై పోయింది. నేను తట్ట ముందు కూర్చుని ఏడ్చాను. మామ్మ తిట్టలేదు. బుర్ర తెచ్చి మిగిలిన గింజల్లోంచి మళ్లీ సగం నా చేతిలో పోసింది. అప్పుడు నాకు అర్థమైంది, ముందు సగమే ఎందుకు ఇచ్చిందో.

దీనివల్ల నేను నేర్చుకున్నది ఒక్కటే: విత్తనానికి కావలసింది ఎక్కువ నీళ్లు కాదు, మానకుండా కొంచెం నీళ్లు.

తట్టకి కావలసిన వస్తువులు

1. ఖాళీ 5 లీటర్ల ప్లాస్టిక్ నూనె డబ్బా. దీన్ని నిలువునా కోస్తే రెండు తట్టలు వస్తాయి.
2. వెడల్పు బేసిన్, లేదా పగిలిన బకెట్ అడుగు భాగం. చిల్లు ఉండకూడదు.
3. బేసిన్ లోపల నిలబెట్టడానికి రెండు రాళ్లు లేదా ఇటుక ముక్కలు, సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తు.
4. ఉతికిన పాత నూలు గుడ్డ.
5. మట్టి రెండు పాళ్లు, బాగా చివికిన గత్తం ఒక పాలు, గెడ్డ ఇసుక ఒక పాలు.
6. నీళ్ల మీద మూత వేయడానికి పాత ప్లాస్టిక్ సంచి.

ఖర్చు ఏమీ లేదు. నర్సరీల్లో 98 గుంతల ప్రోట్రేలు కొని, కొబ్బరి పొట్టు నింపి నారు పెంచుతారు. అది వేలకొద్దీ మొక్కలు అమ్మేవాళ్లకి. ఇంటి పెరటికి మన తట్ట చాలు.

చేసే విధానం

డబ్బాని బూడిదతో గాని కుంకుడు రసంతో గాని నూనె జిడ్డు పోయేదాకా కడగండి. జిడ్డు వత్తికి అంటితే నీళ్లు ఎక్కవు. డబ్బా కోయడం, మేకు కాల్చి చిల్లులు పెట్టడం పెద్దవాళ్ల చేత చేయించండి. మా ఇంట్లో నాన్న చేశాడు.

తట్ట అడుగున నాలుగు చిల్లులు, చిటికెన వేలు పట్టేంత. ఒక్కొక్క దానిలో ఒక వేలి వెడల్పు గుడ్డ పీలికని దూర్చండి. పీలిక సగం తట్టలో ఉండాలి, సగం కిందికి వేలాడి బేసిన్ అడుగుని తాకాలి. నీళ్లు తగ్గినా వత్తి కొన నీళ్లలోనే ఉండాలి కదా. పీలికల్ని ముందే నీళ్లలో ముంచి పిండండి. ఎండు వత్తి పని మొదలుపెట్టడానికి బద్ధకిస్తుంది.

లోపలి పీలికని కుప్పగా వదిలేయకుండా తట్ట అడుగున పరచండి. దాని మీద తడిపిన మట్టి నాలుగు వేళ్ల మందం వేయండి. చేత్తో మెల్లగా అదమండి. వత్తికి, మట్టికి మధ్య ఖాళీ ఉంటే నీళ్లు అక్కడే ఆగిపోతాయి.

బేసిన్‌లో రాళ్లు పెట్టి, 3 లీటర్ల నీళ్లు పోసి, రాళ్ల మీద తట్టని ఉంచండి. నీళ్ల మట్టానికి, తట్ట అడుగుకి మధ్య 7 లేక 8 సెంటీమీటర్లు ఉండాలి. ఇది చాలా ముఖ్యం. తట్ట ఎత్తు పెరిగితే మట్టి తడి తగ్గుతుంది, ఎత్తు తగ్గితే తడి పెరుగుతుంది. బురదగా ఉంటే ఇంకో రాయి పెట్టి లేపండి. పొడిగా ఉంటే రాయి తీసి దించండి.

వెంటనే విత్తనాలు వేయకండి. రెండు రోజులు ఉత్త మట్టితోనే ఉంచండి. తర్వాత గుప్పెడు మట్టి తీసి నొక్కండి. ముద్ద కట్టాలి, కానీ వేళ్ల సందున నీళ్లు కారకూడదు. అప్పుడే విత్తనం వేయాలి. మొదటిసారి నేను ఈ పరీక్ష చేయలేదు.

విత్తనం అర సెంటీమీటరు లోతు చాలు. వేలెడు దూరంలో వరసలు గీసి, పలచగా వేసి, పైన పొడి గత్తం చల్లండి. మొలకలు కనబడగానే వెలుతురు తగిలే చోట పెట్టండి, మిట్టమధ్యాహ్నం ఎండ మాత్రం తగలనీయకండి. మొలిచాక ప్రతిసారీ బేసిన్‌లో నీళ్లు అయిపోయాక ఒక రోజు ఖాళీగా వదిలి, మర్నాడు పోయండి. ఆ ఒక్క రోజులో మట్టిలోకి గాలి వెళుతుంది.

ఎన్ని రోజులు?

టమాట 5 నుంచి 8 రోజుల్లో మొలుస్తుంది, సుమారు 25 రోజులకి నాటవచ్చు. వంగ 7 నుంచి 10 రోజుల్లో మొలుస్తుంది, 30 నుంచి 35 రోజులకి నాటవచ్చు. మిరప మొలవడానికి 7 నుంచి 12 రోజులు పడుతుంది, సుమారు 40 రోజులకి నాటవచ్చు. చిక్కుడు, బీర, ఆనప, గుమ్మడి గింజలు పెద్దవి. వాటిని నేరుగా పాదులో పెట్టవచ్చు, తట్ట అవసరం లేదు. నాటడానికి నాలుగైదు రోజుల ముందు నీళ్లు తగ్గించి ఎండ చూపించండి, నారు గట్టిపడుతుంది.

దోమల జాగ్రత్త

నిలవ నీళ్లు అంటే మనకి మలేరియా గుర్తు రావాలి. అమ్మ నాలుగు రోజులు పడుకున్నది జ్వరంతోనే. దోమ గుడ్డు పెట్టాక అది పురుగై, మళ్లీ దోమై ఎగరడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకని వారం తిరగకుండా బేసిన్‌లో మిగిలిన నీళ్లు పారబోసి, తుడిచి, కొత్త నీళ్లు పోయాలి. పారబోసిన నీళ్లు కూడా వృథా కాదు, పెరట్లో మొక్కకి పోయవచ్చు. బేసిన్ మీద ప్లాస్టిక్ సంచి కట్టి, వత్తులకి మాత్రం సందు వదలండి. దోమ దూరదు, నీళ్లు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

ఇది కొత్త సంగతి కాదు

నేను ఏదో కనిపెట్టాననుకున్నాను. మామ్మ వాళ్ల చిన్నప్పుడే మామిడి మొక్క మొదట్లో కుండ పెట్టేవాళ్లట. కుండ అడుగున చిల్లు పెట్టి అందులో గుడ్డ వత్తి దూర్చితే, నీళ్లు బొట్టు బొట్టుగా వేరుకి దిగుతాయి. అక్కడ వత్తి నీళ్లని కిందికి దించుతుంది, మన తట్టలో పైకి ఎక్కిస్తుంది. మెరుగు పెట్టని మట్టికుండని మూతిదాకా పాతిపెట్టి నీళ్లు నింపే పద్ధతి కూడా ఉంది. చుట్టూ మట్టి ఎండిపోతే కుండ గోడలోంచి నీళ్లని లాక్కుంటుంది, తడిసి ఉంటే లాగడం తగ్గుతుంది. సుమారు 2,000 ఏళ్ల కిందట చైనాలో ఫాన్ షెంగ్‌చి అనే ఆయన వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో ఈ పాతిన కుండల గురించి ఉంది. చదువు వచ్చిన ఆయన పుస్తకంలో రాశాడు. మామ్మ చేత్తో గుర్తుపెట్టుకుంది. పద్ధతి ఒక్కటే.

బేసిన్ లేనివాళ్లు ఒక లీటరు నీళ్ల సీసాని నడిమికి కోసి చేయవచ్చు. మూతకి చిల్లు పెట్టి వత్తి దూర్చి, పై ముక్కని తలకిందులుగా కింది ముక్కలో దించండి. పైన మట్టి, కింద నీళ్లు. ఒకటి రెండు మొక్కలకి సరిపోతుంది. మన హాస్టలు కిటికీలో పెట్టుకోవచ్చు.

మూడోసారి ఏమయింది?

మే 21న మళ్లీ 46 గింజలు వేశాను. మే 30న మొదటి మొలక కనబడింది. మొత్తం 31 మొలిచాయి. మట్టి ఏ రోజూ బురద కాలేదు. 3 లీటర్ల నీళ్లు 8 రోజులు వచ్చేలా ఉన్నాయి గాని, దోమల కోసం వారానికే మార్చేదాన్ని. అంతకుముందు అమ్మ పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోసేది. చెంబుకి లీటరు అనుకుంటే 8 రోజులకి 16 లీటర్లు. 13 లీటర్ల మోత తప్పింది. మోసేది ఎవరో మీకు తెలుసు.

జూన్ 12న బడి తెరిచారు, నేను వచ్చేశాను. వచ్చేముందు అమ్మకి అన్నీ చెప్పాను. నీళ్లు ఎప్పుడు పోశావో కాగితం మీద రాయి అనబోయి ఆగిపోయాను. అమ్మకి రాయడం రాదు. నోరు జారనందుకు మంచిదే అయింది.

జూలైలో రెండు రోజులు ఇంటికి వెళ్లాను. వసారా గోడ మీద బొగ్గుతో వరసగా గుర్తులు ఉన్నాయి. "ఇవేంటి?" అని అడిగాను. "నువ్వు లెక్క అడుగుతావు కదా" అంది అమ్మ. చుక్క అంటే నీళ్లు పోయని రోజు. గీత అంటే పోసిన రోజు. నేను వచ్చేసిన మర్నాటి నుంచి జూన్ 25న నారు నాటేదాకా 13 గుర్తులు. లెక్కపెట్టాను. 11 చుక్కలు, 2 గీతలు. పాత పద్ధతిలో అయితే 26 సార్లు తడపాలి.

మా తరగతిలో పట్టిక గీయమంటే మేము ముందు స్కేలు వెతుక్కుంటాం. అమ్మ స్కేలు లేకుండా పట్టిక వేసింది. ఆ గోడని ఇంకా అలకొద్దని మామ్మకి చెప్పి వచ్చాను.

31 మొక్కల్లో 27 నాటారు. నిన్న ఫోనులో అమ్మ చెప్పింది, పూత వచ్చిందట. మొదటి కాయల్లో బాగున్న రెండు కోయకుండా పండనిచ్చి విత్తనానికి ఉంచమని మామ్మ ముందే చెప్పేసింది. బుర్ర మళ్లీ నిండాలి కదా.

మీకు ప్రశ్నలు

1. 3 లీటర్ల నీళ్లు 8 రోజులు వస్తే రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చు అయినట్టు?
2. బేసిన్‌లో నీళ్లు తగ్గేకొద్దీ మట్టి తడి కొంచెం తగ్గుతుంది. ఎందుకు?
3. తడి తువ్వాలు కొన బకెట్ నీళ్లలో ఉండి, రెండో కొన బయటికి, నీళ్ల మట్టం కన్నా కిందికి వేలాడితే బకెట్ ఏమవుతుంది? ఈ రాత్రి చేసి చూడండి. కింద గిన్నె పెట్టడం మరిచిపోకండి.

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పక్కన ఉన్న డబ్బాలో వేయండి.

ఎవరి ఇంట్లో అయినా పాత విత్తనం ఉంటే ముందు అడగండి, ఎన్ని గింజలు మిగిలాయని. సగమే తీసి తట్టలో వేయండి. సంక్రాంతి సెలవుల తర్వాత నేను మా వంగ విత్తనాలు తెస్తాను. అడిగినవాళ్లకి పది గింజల చొప్పున ఇస్తాను. కానీ మామ్మ షరతు ఒకటి ఉంది. మీకు పండాక ఇరవై గింజలు తిరిగి ఇవ్వాలి.

9వ తరగతి విద్యార్థిని